కొత్తవాళ్ళకి యేసు ప్రభువు గురించి చెప్పాలంటే గొంతు పట్టేస్తోంది, ఈ భయం మీరెలా దాటారు?

మౌనవీణ:

అందరికీ వందనాలు. చాలా రోజుల్నుంచి అడగాలనుకుంటూ ఆగిపోతున్నా, ఇవాళ ఎలాగైనా రాసేద్దామని కూర్చున్నా. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను ప్రభువుని నమ్ముకుని ఆరేళ్ళయింది. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే చెప్తాను, సండే స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్తాను, యూత్ మీటింగ్‌లో ప్రేయర్ చెయ్యమంటే చేస్తాను, అక్కడెక్కడా నాకు భయం లేదు. కానీ ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర యేసయ్య పేరు ఎత్తాలంటే నోరు పెగలదు. గుండె దడదడా కొట్టుకుంటుంది, అరచేతులు చెమట పట్టేస్తాయి, చెప్పాలనుకున్నదంతా మర్చిపోతాను, ఈలోపు ఆ మనిషి వెళ్ళిపోతారు.

పోయిన నెల జరిగింది చెప్తా. బస్సులో దూర ప్రయాణం, నా పక్క సీట్లో మా అమ్మ వయసు ఆవిడ. బయల్దేరిన కాసేపటికి ఆవిడకి ఫోన్ వచ్చింది, మాట్లాడి పెట్టేశాక కిటికీ వైపు తిరిగి ఏడుస్తున్నారు, శబ్దం లేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. నా బ్యాగ్‌లో యోహాను సువార్త చిన్న పుస్తకం ఉంది. మాట్లాడు మాట్లాడు అని లోపల ఒకటే పోరు. నాలుగు గంటలండి. నాలుగు గంటలూ ఫోన్‌లో ఏదో చూస్తున్నట్టు కూర్చున్నాను, దేవుడి సంగతి అటుంచండి, "ఏమైందమ్మా" అని కూడా అడగలేకపోయాను. ఆవిడ దిగి వెళ్ళిపోయారు. ఆ మొహం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది, రాత్రి ప్రార్థనకి మోకరిస్తే ముందు ఆవిడే గుర్తొస్తారు.

నేను దేనికి భయపడుతున్నానో నాకు కొంచెం తెలుసు. చిరాకు పడతారేమో, నలుగురిలో అరుస్తారేమో, చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగి నన్నే చూస్తారేమో అని. ఇంకోటి, "దేవుడుంటే నా బిడ్డకి ఇలా ఎందుకయింది" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, తెలిసీ తెలియకుండా ఏదో చెప్పి ప్రభువు పేరు చెడగొడతానేమో అని. అన్నిటికంటే నన్ను పొడుస్తున్నది ఏంటంటే, మా యూత్‌లో ఒకరు "నీకు భయం ఉందంటే నీలో విశ్వాసం లేనట్టే, రోమా 1:16 చదువుకో, నువ్వు సువార్త గురించి సిగ్గుపడుతున్నావు" అన్నారు. ఆరోజు నుంచి నిజంగానే నేను ఆయన్ని ఎరగనన్నట్టు బతుకుతున్నానా అని ఒకటే బాధ.

ప్రార్థన చేస్తున్నాను, ఇంకా చేస్తాను. దయచేసి "ప్రార్థన చెయ్యి" అని ఒక్క మాటతో వదిలెయ్యకండి, మీరు ఈ భయంతో నిజంగా ఏం చేశారో, మొదటిసారి ఎలా నోరు తెరిచారో చెప్పండి.

పాతపడవ:

అమ్మా, ముందు ఒకటి చెప్తాను, ఇరవై ఏళ్ళ పైనే అయింది నేను సువార్తకి వెళ్ళబట్టి, ఇప్పటికీ కొత్త మనిషి దగ్గరికి నడిచేటప్పుడు నా చేతులు చల్లబడతాయి. నాకు భయం పోలేదు. పోతే వెళ్దామని కూర్చుని ఉంటే ఈ ఇరవై ఏళ్ళూ ఇంట్లోనే ఉండేవాడిని.

భయం ఉంటే విశ్వాసం లేనట్టే అన్న మాట నువ్వు మోయొద్దు, అది వాక్యంలో లేదు. అపొస్తలుడైన పౌలు కొరింథు పట్టణంలో ఉన్నప్పుడు ప్రభువు రాత్రి దర్శనంలో కనబడి భయపడకు, మాట్లాడు, మౌనంగా ఉండకు అన్నాడు (అపొ. కార్యములు 18). భయపడనివాడికి ఎవరైనా ఆ మాట చెప్తారా? ఆ మాట విన్నాక ఆయన అక్కడ ఏడాదిన్నర ఉండి బోధించాడు, తర్వాత ఆ సంఘానికే ఉత్తరం రాస్తూ నేను మీ దగ్గర బలహీనతతోనూ భయంతోనూ ఎంతో వణుకుతోనూ ఉన్నానని తనే ఒప్పుకున్నాడు. సంకెళ్ళలో ఉండి ఎఫెసీయులకి రాసినప్పుడు కూడా నన్ను విడిపించమని ప్రార్థించండి అనలేదు, నోరు తెరిచి ధైర్యంగా చెప్పేలా నా కోసం ప్రార్థించండి అన్నాడు. అంటే ఆయనకి ధైర్యం సొంత ఆస్తి కాదమ్మా, ఏ రోజుకారోజు అడిగి తెచ్చుకున్నదే.

రోమా 1:16లో ఉన్నది సిగ్గు గురించి, సువార్త గురించి నేను సిగ్గుపడను అంటాడు పౌలు. సిగ్గు వేరు, భయం వేరు. ఆయన నావాడని చెప్పుకోడానికి ఇష్టం లేకపోవడం సిగ్గు. చెప్పాలని ప్రాణం కొట్టుకుంటున్నా నోరు రాకపోవడం భయం. నువ్వు రాసింది చదివితే సిగ్గుపడే మనిషి రాసినట్టు లేదు, సిగ్గుపడేవాళ్ళకి ఆ బస్సులో ఆవిడ నెల తర్వాత కూడా గుర్తురారు.

నాకు చాలా ధైర్యం ఇచ్చిన ఒక సంగతి చెప్తా. అమెరికాలో డి. ఎల్. మూడీ అని గొప్ప సువార్తికుడు ఉండేవారు కదా, ఆయన పద్దెనిమిదేళ్ళ కుర్రాడిగా బోస్టన్‌లో తన మేనమామ చెప్పుల కొట్లో పనిచేస్తున్నప్పుడు, 1855 ఏప్రిల్‌లో ఎడ్వర్డ్ కింబల్ అనే సండే స్కూల్ టీచర్ ఆయనతో క్రీస్తు గురించి మాట్లాడదామని బయల్దేరాడు. దారిపొడుగునా ఒకటే సందేహం, పని వేళలో వెళ్తే బాగుంటుందా, మిగతా పనివాళ్ళు ఆ కుర్రాడిని ఆటపట్టిస్తారేమో అని. ఆ ఆలోచనల్లో పడి కొట్టు దాటి ముందుకి వెళ్ళిపోయాడు కూడా. దాటానని తెలిశాక ఇక ఆలోచించకుండా వెనక్కి తిరిగి గబగబా లోపలికి వెళ్ళిపోయాడు. వెనక గదిలో చెప్పులు కాగితంలో చుడుతున్న ఆ కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి, క్రీస్తు నిన్ను ప్రేమిస్తున్నాడని చెప్పాడు. సరిగ్గా ఏ మాటలు చెప్పాడో తర్వాత కింబల్‌కే గుర్తులేదు, చాలా బలహీనంగా చెప్పానని ఆయనే అనుకున్నాడు. మూడీ జీవితం తిరిగింది మాత్రం ఆ రోజే. మూడీ పేరు అందరికీ తెలుసు, నాకైతే ఆ కొట్టు దాటిపోయి వెనక్కి తిరిగిన మనిషే ఎక్కువ గుర్తొస్తాడు, ఎందుకంటే నేనూ ఎన్నో గుమ్మాలు దాటిపోయాను.

నేను చేసింది అడిగావు. ఒంటరిగా వెళ్ళలేదు. ప్రభువు డెబ్బదిమందిని పంపినప్పుడు ఇద్దరిద్దరిగానే పంపాడు (లూకా 10), మనుషుల బలహీనత ఆయనకి తెలుసు. మొదటి రెండు నెలలు మా సంఘంలో ఒక పెద్దాయన పక్కన నిలబడటమే నా పని, ఆయన మాట్లాడుతుంటే నేను కళ్ళు తెరిచే లోపల ప్రార్థన చేసేవాడిని. ఆయన ఎలా మొదలుపెడుతున్నారు, అవతలి మనిషి వద్దంటే ఎలా నవ్వి నమస్కారం పెట్టి పక్కకి తప్పుకుంటున్నారు, ఇదంతా చూస్తే నాలో సగం భయం కరిగిపోయింది, ఎందుకంటే వద్దన్నా ఆకాశం విరిగి మీద పడదని నా కళ్ళతో చూశాను. మూడో నెల ఒక రోజు ఆయన ఏం చెప్పకుండా వెనక్కి జరిగి నా వైపు చూశారు, అంతే, అలా మొదలైంది. మీ సంఘంలో అలాంటివాళ్ళు ఒక్కరు ఉన్నా పట్టుకో అమ్మా, వాళ్ళతో నాలుగుసార్లు వెళ్ళు.

చిగురాకు:

సిస్టర్, నాదీ అచ్చం మీ పరిస్థితే, మూడేళ్ళ క్రితం వరకు. పాతపడవ అంకుల్ చెప్పినదానికి నా వైపు నుంచి కొంచెం కలుపుతా.

నేను గమనించింది ఏంటంటే నా భయంలో సగం సువార్త గురించి కాదు, అసలు కొత్త మనుషులతో మాట్లాడటమే నాకు రాదు. టైం ఎంత అని అడగడానికే ఆలోచించే మనిషిని, ఒకేసారి పాపం, సిలువ, రక్షణ అంటూ మొదలుపెట్టమంటే నా వల్ల ఎలా అవుతుంది? అందుకే రెండు వారాలు సువార్త ఊసు లేకుండా రోజుకి ఒక కొత్త మనిషితో రెండు మాటలు మాట్లాడాలని పెట్టుకున్నా. లిఫ్ట్‌లో, క్యూలో, బస్టాప్‌లో. "చాలాసేపటి నుంచి వెయిట్ చేస్తున్నారా", "ఏం చదువుతున్నారు", ఇంతే. మనం అనుకున్నంత చిరాకు ఎవరూ పడరు. దీని మీద చికాగోలో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే ఇద్దరు చేసిన పరిశోధన ఉంది, 2014లో వచ్చింది. రోజూ ట్రైన్‌లో బస్సులో వెళ్ళేవాళ్ళలో కొందరిని పక్కనున్న కొత్తవాళ్ళతో మాట్లాడమన్నారు, కొందరిని మౌనంగా కూర్చోమన్నారు. మాట్లాడితే ప్రయాణం పాడవుతుందని జనం అంచనా, కానీ నిజంగా మాట్లాడినవాళ్ళకే ప్రయాణం ఎక్కువ బాగుంది. ఇది సువార్త గురించి చేసింది కాదు, మామూలు కబుర్ల గురించే, కానీ నోరు తెరవకముందు మన మనసు మనకి చూపించే సినిమా తప్పని నాకు అర్థమైంది.

అసలు యేసు ప్రభువు సమరయ స్త్రీతో ఎలా మొదలుపెట్టాడో చూడండి, దాహానికి నీళ్ళు అడిగాడు. ఫిలిప్పు ఆ ఐతియొపీయుడి (ఇథియోపియా దేశపు అధికారి) రథం దగ్గరికి పరిగెత్తుకెళ్ళి మీరు చదువుతున్నది మీకు అర్థమవుతోందా అని అడిగాడు, ఆయనే ఎక్కి కూర్చోమన్నాడు. ఇద్దరూ ముందు అడిగారు, తర్వాతే చెప్పారు. మీది కూడా ప్రయాణంలో జరిగింది కాబట్టి ఫిలిప్పు సంగతి ఉన్న అపొ. కార్యములు ఎనిమిదో అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదవండి, నేను చాలాసార్లు చదివాను.

ఇంకోటి, నా సాక్ష్యం రెండు నిమిషాల్లో చెప్పేలా రాసుకున్నా. మొదట రాసింది నాలుగు పేజీలు వచ్చింది, అందులో అన్నీ చర్చి మాటలే, అభిషేకం, విమోచన, కృపావరం అని. మన మధ్య అవి అమృతంలా ఉంటాయి కానీ బయటి మనిషికి ఒక్క ముక్క అర్థం కాదు. అవన్నీ తీసేసి, నేను ఎలా ఉండేవాడిని, ఏం జరిగింది, ఇప్పుడు ఎలా ఉన్నాను అని మామూలు మాటల్లో రాసి, గదిలో తలుపేసుకుని పైకి చదివా, మా తమ్ముడి ముందు చెప్పా. గొంతుకి ఆ మాటలు అలవాటైపోవాలి, అప్పుడు గుండె కొట్టుకుంటున్నా నోరు దాని పని అది చేస్తుంది. మాట్లాడేముందు ఊపిరి నెమ్మదిగా, తీసుకున్నదానికంటే వదలడం ఎక్కువసేపు, నాలుగైదు సార్లు, దానివల్ల కూడా దడ తగ్గుతుంది.

జవాబు తెలియని ప్రశ్న గురించి రాశారు కదా. పుట్టుగుడ్డి కళ్ళు పొందాక పరిసయ్యులు యేసు పాపి అంటూ గుచ్చి గుచ్చి అడిగితే ఏమన్నాడు? ఆ సంగతి నాకు తెలీదు, ఒకటి మాత్రం తెలుసు, నేను గుడ్డివాడిని, ఇప్పుడు చూస్తున్నాను అన్నాడు. ఆ "తెలీదు" మనకీ చెల్లుతుంది. ఒకతను నన్ను అడిగిన ప్రశ్నకి నాకు నిజంగా తెలీదు బ్రదర్, కనుక్కుని చెప్తా అన్నాను, నంబర్ ఇచ్చాడు, వారం తర్వాత చెప్పాను, ఇప్పటికీ టచ్‌లో ఉన్నాడు.

ఆవలితీరం:

నేను అవతలి వైపు నుంచి రాస్తాను, అంటే ఒకప్పుడు మీరంతా భయపడే ఆ కొత్త మనిషిని నేనే.

మా నాన్న హాస్పిటల్లో పదకొండు రోజులు ఉన్నారు. నేను బయట కుర్చీల్లోనే ఉండేవాడిని, నిద్ర లేదు, ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేదు. రెండో రోజు ఒకాయన వచ్చి నా చేతిలో కరపత్రం పెట్టి, మీ నాన్న ఈ రాత్రి చనిపోతే ఆత్మ ఎక్కడికి వెళ్తుందో తెలుసా అని అడిగి, నేను ఏదో అనేలోపే పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన గొంతులో భయం అణువంత కూడా లేదు, ఆయనకి నేనూ కనపడలేదు. ఆ కాగితం నలిపేశాను. అప్పుడు నాలో పుట్టిన కోపం చాలా రోజులు ఉంది, ఇప్పుడు అదే ప్రభువుని నమ్ముకున్నాను కాబట్టి చెప్తున్నా, ధైర్యం ఒక్కటే ఉంటే చాలదు.

నాలుగో రోజు అనుకుంటా, ఇంకొకాయన, వాళ్ళ బంధువులు ఎవరో అదే వార్డులో ఉన్నారు, పక్కన కూర్చుని "నాన్నగారికి ఎలా ఉందండి" అన్నారు. ఎవరూ అడగలేదు అప్పటిదాకా, డాక్టర్లతో సహా నన్నెవరూ అలా అడగలేదు. చెప్పడం మొదలుపెడితే అరగంట చెప్పాను. ఆయన మధ్యలో ఒక్క సలహా ఇవ్వలేదు. చివర్లో "మీకు అభ్యంతరం లేకపోతే నాన్నగారి కోసం ప్రార్థన చెయ్యొచ్చా, నేను యేసు ప్రభువుని నమ్ముతాను" అన్నారు. వద్దండి అన్నాను, కొంచెం కటువుగానే అన్నాను. "సరేనండి" అన్నారు. అంతే. లేచి వెళ్ళిపోతారనుకున్నా, వెళ్ళలేదు, ఇంకాసేపు అలాగే కూర్చున్నారు. మర్నాడు కూడా వచ్చి అదే ప్రేమతో నాన్నగారికి ఎలా ఉందండి అని అడిగారు. నేను వద్దన్నందుకు ఆయనలో ఏమీ మారలేదు.

ఏడో రోజు నేనే అడిగాను, మీరు దేన్ని నమ్ముతున్నారు, ఎందుకు నమ్ముతున్నారు అని. అప్పుడు చూశాను, ఆయన గొంతు వణుకుతోంది. నీళ్ళ బాటిల్ మూత తీస్తూ పెడుతూ చెప్పారు. ఐదు నిమిషాలు కూడా చెప్పి ఉండరు, అందులో సగం తడబాటే. కానీ నాకు ఆ వణుకు చూశాకే ఈయన నిజం చెప్తున్నారు అనిపించింది. ఈ మాట చెప్పడం వల్ల ఆయనకి ఒరిగేదేమీ లేదు, చెప్పడానికి కష్టపడుతున్నారు, అయినా చెప్తున్నారు అంటే ఇది ఆయనకి ప్రాణంతో సమానం అన్నమాట.

నేను ఆ రోజు ఏమీ మారిపోలేదు. నాన్న ఇంటికి వచ్చారు, తర్వాత రెండేళ్ళకి ఒక రాత్రి ఏదో వెతుకుతుంటే ఆ మాటలు గుర్తొచ్చాయి, నాకై నేనే ఒక బైబిల్ కొనుక్కున్నాను. ఆయన పేరు నాకు తెలీదు, ఎక్కడ ఉంటారో తెలీదు. నేను ఇప్పుడు ప్రభువులో ఉన్నానని ఆయనకి తెలీదు, బహుశా ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయానని బాధపడుతూ ఇంటికి వెళ్ళి ఉంటారు. ఆయన కోసం రోజూ ప్రార్థన చేస్తాను.

మౌనవీణ గారూ, మీరు వణుకు లేకుండా మాట్లాడాలని చూస్తున్నారు. ఆ వణుకు అవతలి మనిషికి ఎలా కనపడుతుందో మీకు తెలీదు కాబట్టి ఇంత రాశాను.

నీడపట్టు:

ఆవలితీరం గారు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఒక్క విషయం మాత్రం కలుపుతాను, ఎందుకంటే ఇలాంటి చోట అందరం కలిసి ధైర్యం, ధైర్యం అంటూ ఉంటే ఒకటి మర్చిపోతాం.

మనల్ని ఆపేదంతా పిరికితనం కాదు. కొన్నిసార్లు అది మర్యాద, ఎదుటి మనిషి మీద గౌరవం. బస్సులో ఏడుస్తున్న ఆవిడ కిటికీ పక్కన ఉన్నారు, లేచి పోలేరు. మంచం మీద పేషెంట్ కూడా అంతే. కౌంటర్‌లో డ్యూటీలో ఉన్నవాళ్ళు మనతో కటువుగా మాట్లాడలేరు. ఇంట్లో పెద్దవాళ్ళు లేనప్పుడు చిన్నపిల్లలు ఉంటారు. వీళ్ళందరికీ వద్దు అనే వీలు తక్కువ, కాబట్టి మనమే ఆ వీలు కల్పించాలి. ముందు అడగాలి, వద్దంటే నిజంగా ఆగాలి. 1 పేతురు 3:15 అందరం చెప్పేదే, మన నిరీక్షణ గురించి అడిగినవాళ్ళకి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని, కానీ సాత్వికంతోనూ భయంతోనూ (అంటే ఇక్కడ గౌరవంతో) అని ఉన్న ముక్క వదిలేస్తాం. ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి నన్ను వెంబడించు అని ప్రభువు అన్నప్పుడు, ఆస్తి ఉన్న ఆ యౌవనస్థుడు దుఃఖపడుతూ వెళ్ళిపోతుంటే ప్రభువు అతని వెనక పరిగెత్తలేదు. ప్రేమించాడని మార్కు రాశాడు, ప్రేమించే వెళ్ళనిచ్చాడు.

ఒకరి దుఃఖం మనకి అవకాశం కాకూడదు. ఆవిడతో మీరు మాట్లాడాల్సింది మొదట ఆవిడ ఏడుస్తున్నారు కాబట్టి, సువార్త చెప్పాలి కాబట్టి కాదు. మీరు బాధపడుతున్నది కూడా దానికే అనిపిస్తోంది నాకు, "ఏమైందమ్మా" అని కూడా అడగలేదని రాశారు చూడండి, మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన వాక్యం అదే.

కొండదారి:

నీడపట్టు గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటాను కానీ ఒక భయం ఉంది. గౌరవం అనే మాట వెనక నేను పదేళ్ళు దాక్కున్నాను. ఇప్పుడు సమయం కాదు, ఇప్పుడు మూడ్ బాలేదు, ముందు స్నేహం పెంచుకుందాం అంటూ ఒక్కరికి కూడా చెప్పలేదు. నాతో ఏళ్ళ తరబడి పక్క టేబుల్ దగ్గర పనిచేసిన స్నేహితుడు యాక్సిడెంట్‌లో పోయాడు, నేను క్రైస్తవుడినని కూడా వాడికి సరిగ్గా తెలీదు. ప్రకటించేవాడు లేకపోతే ఎలా వింటారు అని రోమా 10లో ఉన్నది వాడి సమాధి దగ్గర నిలబడి అర్థమైంది. అందుకే మర్యాద ఉండాలి, కానీ ఎప్పటికీ చెప్పకపోవడానికి దాన్ని సాకు చేసుకోకూడదు అంటాను.

నీడపట్టు:

అన్నా, మీ స్నేహితుడి సంగతి చదివి చాలా బాధేసింది. మీరన్నది నిజమే, నేను కాదనను. మర్యాదకీ సాకుకీ తేడా ఎలా తెలుస్తుందంటే, నా వరకు, మర్యాదతో ఆగినప్పుడు ఆ మనిషి కోసం ప్రార్థన చేస్తాను, మళ్ళీ కలిసినప్పుడు పలకరిస్తాను. సాకుతో ఆగినప్పుడు ఆ మనిషిని మర్చిపోతాను.

పాతపడవ:

నీడపట్టు చెప్పిన ఈ చివరి మాట నేను రాసి పెట్టుకుంటున్నాను. అమ్మా మౌనవీణా, ఇంకో చిన్న సంగతి. ఏథెన్సులో పౌలు అంత బాగా మాట్లాడితే కొందరు ఎగతాళి చేశారు, కొందరు ఇంకోసారి వింటాం అన్నారు, కొద్దిమంది నమ్మారు. ఫిలిప్పీలో లూదియ నమ్మింది, అక్కడ పౌలు బాగా చెప్పాడు కాబట్టి అని రాయలేదు, ప్రభువు ఆమె హృదయం తెరిచాడు అని రాశారు. తెరవడం ఆయన పని అని నాకు బుర్రకెక్కాక, ఎదుటి మనిషి మొహంలో ఫలితం వెతుక్కోవడం మానేశాను, సగం బరువు దిగిపోయింది.

మౌనవీణ:

మూడు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించండి. అందరి మాటలూ ఒకటికి నాలుగుసార్లు చదివాను. ఆవలితీరం గారు రాసింది మా అమ్మకి కూడా చదివి వినిపించాను, ఇద్దరం ఏడ్చాం.

చిగురాకు గారు చెప్పినట్టు ముందు ఉత్త పలకరింపులే చేశాను. మొదటి మూడు రోజులు చాలా కష్టమైంది, నాలుగో రోజు నుంచి కొంచెం అలవాటైంది. మా సంఘంలో ఒక ఆంటీ ప్రతి శనివారం హాస్పిటల్‌కి వెళ్తారు, ఆవిడతో రెండుసార్లు వెళ్ళాను, పక్కన నిలబడి ప్రార్థన మాత్రం చేశాను. సాక్ష్యం రాసుకుంటే నాది కూడా మూడు పేజీలు వచ్చింది, ఇప్పుడు అర పేజీకి తెచ్చాను.

నిన్న అదే రూట్ బస్సులో పక్కన ఒక కాలేజీ అమ్మాయి కూర్చుంది. ఎగ్జామ్స్ అంట, పుస్తకం తెరిచి పెట్టుకుని చదవలేకపోతోంది. టెన్షన్‌గా ఉందా అని అడిగాను. చాలాసేపు మాట్లాడింది, ఇంట్లో వాళ్ళ ఆశలు, ఫెయిలైతే ఏమవుతుందో అన్న భయం, రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం. నా గుండె అప్పుడే మొదలైంది, దడదడా. ఊపిరి వదిలాను. "నాకూ ఇలాంటి రోజులు ఉండేవి, నాకు యేసు ప్రభువు దగ్గర శాంతి దొరికింది, నీకు ఇష్టమైతే చెప్తాను" అన్నాను, గొంతు నిజంగానే వణికింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం చూసి "ఇప్పుడు వద్దక్కా, ఏమనుకోకు" అంది. సరేనమ్మా అన్నాను. తర్వాత ఏం మాట్లాడాలో తెలీక ఏ సబ్జెక్ట్ కష్టంగా ఉందని అడిగాను, నాకు వచ్చిన సబ్జెక్టే, దిగేదాకా రెండు చాప్టర్లు కూర్చుని చెప్పాను. దిగేటప్పుడు పేరు చెప్పింది. తనది ఇదే బస్సు అంట, పరీక్షలు అయ్యేదాకా రోజూ.

ఆవిడ మొహం ఇంకా గుర్తొస్తోంది, కానీ ఇప్పుడు రాత్రి ప్రార్థనలో ఆవిడ పక్కన ఈ అమ్మాయి పేరు కూడా ఉంది. రేపు మళ్ళీ ఆ బస్సు ఎక్కాలి. తను పక్కన కూర్చుంటే మళ్ళీ ప్రభువు సంగతి ఎత్తాలా, తనే అడిగేదాకా ఆగాలా నాకు తెలీడంలేదు. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

ఆవలితీరం:

తను మిమ్మల్ని చూసి పక్కన కూర్చుంటుంది, చూడండి. ముందు నిన్న రాత్రి నిద్ర పట్టిందా అని అడగండి.

పాతపడవ:

బస్సు ఎన్నింటికమ్మా? ఆ టైంకి మేం మోకాళ్ళ మీద ఉంటాం.

మౌనవీణ:

ఉదయం ఆరున్నరకి అంకుల్.